మందుల డబ్బా మొత్తం పట్టుకెళ్లండి!



ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లు ఉంటే ఈ కాగితం నలిపి పారేయకండి. చదివి, వాళ్లకూ చదివి వినిపించండి.

బీపీకి ఒక డాక్టరు, షుగరుకు ఇంకొకరు, మోకాళ్లకు మరొకరు. ముగ్గురూ మంచి మందులే రాసి ఉండొచ్చు. కానీ ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. మూడు చీటీల మందులూ చేరేది ఒక్క కడుపులోకే! రోజుకు ఐదు రకాలు దాటితే ఒక కన్నేసి ఉంచాలంటారు వైద్యులు. మన వీధిలో తొమ్మిదీ పదీ మింగేవాళ్లకు కొదవా?

ఒకదాని వెంట ఒకటి ఎలా వచ్చి పడతాయో చూడండి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడితే కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపు ఇంకో డాక్టరుకు చూపిస్తే, పాత చీటీ ఎదురుగా లేక, నీరు తీసే బిళ్ల రాస్తారు. ఇక రాత్రిళ్లు బాత్రూముకు లేవడమే పని. చీకట్లో కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది. దానికి నొప్పి బిళ్లలు. టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు కూడా వాడుతుంటే, దానికి నీటి బిళ్లా నొప్పి బిళ్లా తోడై కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. మొదట్లోనే ఎవరైనా ఆ ఆమ్లోడిపిన్ సంగతి చూసి ఉంటే?

పేర్ల గొడవ ఇంకోటి. గ్లైకోమెట్ జీపీ, అమరిల్ ఎం అని పైన పేర్లు వేరు. లోపల రెండింట్లోనూ ఉన్నవి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మినే. కూతురింటికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు కొత్త బిళ్ల రాస్తే, పాతదీ కొత్తదీ కలిపి వేసేసుకునేవాళ్లున్నారు. షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, మాట తడబాటు. తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్లు తాగించండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

గ్యాస్ బిళ్ల కథ మరీ అన్యాయం. కొన్ని వారాలకని రాసిన ప్యాంటాప్రజోల్‌ను ఏళ్ల తరబడి టీ కంటే ముందు మింగుతున్నాం. మెట్‌ఫార్మిన్‌తో పాటు అదీ ఏళ్లకేళ్లు సాగితే ఒంట్లో బి12 తగ్గి అరికాళ్లు తిమ్మిరెక్కవచ్చు. ఆ తిమ్మిరికి మళ్లీ ఒక బిళ్ల!

కాబట్టి ఈ వారమే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక్క సంచిలో వేయండి. ఫ్రిజ్ మీదివి, దిండు కిందివి, బిస్కెట్ డబ్బాలోవి, అన్నీ. షాపులో కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్కలు కూడా. పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద ఉండే ఆ ముక్కలే అసలు తలనొప్పి. ఇకపై పేరూ తేదీ కనపడేలా ఇవ్వమని షాపులో గట్టిగా అడగండి. ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరులేని పొట్లాలు, లేహ్యాలు, కాల్షియం బిళ్లలు మందులు కావని వదిలేయకండి. పొట్లంలో స్టెరాయిడ్ ఉంటే షుగరు పెరుగుతుంది. కాల్షియం, ఐరన్ బిళ్లలకూ థైరాయిడ్ బిళ్లకూ నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఆ సంచి తీసుకుని మీకు నమ్మకమున్న ఒక్క డాక్టరు దగ్గరకు వెళ్లండి. ప్రభుత్వాసుపత్రి అయినా సరే. బల్ల మీద అన్నీ పరిచి ఒక్కో బిళ్లకూ అడగండి: ఇది దేనికి? ఎన్నాళ్లు? ఇంకా అవసరముందా? కోప్పడతారేమోనని మొహమాటపడకండి. వంకాయలు కొనేటప్పుడు ఒక్కోటీ తిప్పి చూస్తాం కదా!

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం. ఈ కాగితం చదివి ఏ మందూ మీ అంతట మీరు ఆపేయకండి. గుండె మందులు, ఫిట్స్ బిళ్లలు, నిద్ర బిళ్లలు, స్టెరాయిడ్లు హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. తగ్గించాలన్నా, మానాలన్నా డాక్టరే చెప్పాలి.

మందు వికటించిందని అనుమానమొస్తే డాక్టరుకు చూపించండి. ఫిర్యాదు నమోదుకు 1800-180-3024 నంబరుంది, ఫోనుకు డబ్బులు పడవు.

ఆసుపత్రికి తోడు వచ్చేవాళ్లు లేరా? పిల్లలు పరదేశంలో ఉన్నారా? ఈ కాగితం మీ చేతికిచ్చిన కుర్రాళ్లకు ఒక్క మాట చెప్పండి. సంచి మేం మోస్తాం, ఆటో మేం మాట్లాడతాం.

— మీ వీధివాళ్లం