పది ప్రాణాలు పోయేదాకా ఆగాలా?

జాతీయ రహదారిపై ఒక చోటును ‘బ్లాక్‌స్పాట్’గా గుర్తించడానికి కేంద్ర రవాణా శాఖకు ఒక లెక్కుంది. సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో 5 తీవ్ర ప్రమాదాలైనా జరగాలి, 10 మందైనా చనిపోవాలి. అంటే ఫలానా మలుపు ప్రమాదకరమని ప్రభుత్వానికి చెప్పే బాధ్యత చనిపోయినవాళ్ల మీదే పెట్టామన్నమాట. ఆ మలుపులో టీకొట్టు నడిపే మనిషికి మాత్రం ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆయన్ని అడిగే పద్ధతి మనకు లేదు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా ఉన్న ‘ఐరాస్తే’ ప్రాజెక్టు ఈ లెక్కను తిరగేసింది. తెలంగాణలో కొన్ని ఆర్టీసీ బస్సులకు ముందు అద్దం దగ్గర చిన్న కెమెరా బిగించారు. ముందున్న వాహనం మరీ దగ్గరైనా, పాదచారి అడ్డొచ్చినా, బస్సు గీత దాటినా డ్రైవరుకు బీప్ వినిపిస్తుంది. అంతకన్నా విలువైంది, ఆ బీప్ ఎక్కడ మోగిందో నమోదు కావడం. ఎందరు డ్రైవర్లు మారినా ఒకే చోట మోగుతోందంటే తప్పు స్టీరింగ్ దగ్గర లేదు, రోడ్డులో ఉంది. అలాంటి చోట్లను ‘గ్రేస్పాట్లు’ అంటున్నారు. ఇంకా ఎవరూ పోలేదు, పోవడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దీనికోసం కొత్త రోడ్డు వేయలేదు. రోజూ అదే దారిన తిరిగే బస్సే సర్వేయరైంది.

ఫాస్టాగ్‌తోనూ ఇలాంటి పనే చేయించవచ్చు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర అది తప్పనిసరి. కారు పంతంగి టోల్‌గేటును ఎప్పుడు దాటిందో, అదే దారిలోని కొర్లపహాడ్ టోల్‌గేటును ఎప్పుడు దాటిందో సెకన్లతో సహా నమోదవుతుంది. రెండింటి మధ్య దూరం తెలిసిందే కాబట్టి సగటు వేగం తేల్చడానికి ఒక్క భాగహారం చాలు. స్పీడ్ కెమెరా ముందు మనమంతా బుద్ధిమంతులమే, వంద మీటర్లు దాటాక కథ వేరు. సగటు వేగం దగ్గర ఆ నటన పెద్దగా సాగదు. మధ్యలో టిఫిన్‌కు ఆగి, ఆ తర్వాత దూసుకుపోయేవాడు తప్పించుకుంటాడు, నిజమే. అసలు లోటు అది కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారే. బైకుకు ఫాస్టాగ్ లేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మొదట పడింది ఒక బైకే. అది రోడ్డు మీద పడి ఉండగానే హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు వచ్చి దాన్ని ఈడ్చుకుపోయింది. మంటలు లేచి బస్సులో 19 మంది కాలిపోయారు. మన హైవే కెమెరాలకు ప్రధానంగా నేర్పింది నంబరు ప్లేటు చదివి చలానా పంపడం. రోడ్డుకు అడ్డంగా ఏదైనా పడి కదలకుండా ఉంటే గుర్తించే సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. అది గుర్తిస్తే కబురు పెట్రోలింగ్ బండికీ, వెనక వచ్చే డ్రైవర్ల ఫోన్లకూ చేరాలి. నా ఉద్దేశంలో కెమెరా మొదటి కొలువు అది, చలానా రెండోది.

అయితే కెమెరా గుంత పూడ్చదు. డివైడర్‌కు అడ్డగోలుగా కొట్టిన గండిని మూయదు, ఊరి క్రాసింగ్ దగ్గర దీపం వెలిగించదు. ఆ పనులకు కావలసింది సిమెంటూ, పెయింటూ, ఒక ఇంజినీరు సంతకం. అందుకే బస్సులు పట్టిచ్చిన ప్రతి గ్రేస్పాట్‌నూ, తెలిసిన తేదీ, సరిచేసిన తేదీలతో సహా డిపోలోనూ, ఆ ఊరి పంచాయతీ కార్యాలయంలోనూ బోర్డు మీద రాయాలి. అప్పుడు ‘మా దృష్టికి రాలేదు’ అనే మాట చెల్లదు. నిర్దేశించిన ప్రమాణాలు పాటించకుండా రోడ్డు కట్టినందువల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరునూ, బాధ్యులైన అధికారులనూ నిలదీసే 198ఏ సెక్షన్ 2019లోనే మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. దాని కింద గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు.