పేరును ప్రోగ్రాము తెంపకూడదు

సికింద్రాబాద్‌లో ఉన్న పాస్‌పోర్టు కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకునేవాళ్లు ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు ఇంకో గడిలో తామే నింపుతారు. అదే సరైన పద్ధతి. ఏది ఇంటిపేరో మనిషికి తెలుసు, ప్రోగ్రాముకు తెలియదు. మన కుర్రాళ్లు పైథాన్‌లో రాసే ఫారాల్లో మాత్రం తరచూ ఒకటే గడి. అందులో టైపు చేసిన పేరును స్ప్లిట్‌తో ఖాళీల దగ్గర తెంపి, జిప్‌తో జతచేసి, 'మొదటి పేరు', 'చివరి పేరు' అనే రెండు కీల డిక్షనరీలో పెట్టేస్తారు. 1991లో ప్రధాని అయిన పాములపర్తి వెంకట నరసింహారావు పేరు అందులో వేసి చూడండి. మొదటి పేరు పాములపర్తి, చివరి పేరు వెంకట. నరసింహారావు గల్లంతు! రెండు కీలు అయిపోగానే జిప్ ఆగిపోతుంది, ఎర్రర్ కూడా చూపదు. మనిషిని పిలుచుకునే పేరే చడీచప్పుడు లేకుండా పోవడం నాకు మింగుడుపడదు. జిప్‌కు పైథాన్ 3.10లో వచ్చిన స్ట్రిక్ట్ ఆప్షన్ వాడితే లెక్క తేడా పడినప్పుడు వాల్యూ ఎర్రర్ వస్తుంది, మంచిదే. కానీ ఒకే వీధిలో ఇంటిపేరు ముందుండే తెలుగువాళ్లు, తండ్రి పేరు పొడి అక్షరంగా పెట్టుకునే తమిళులు, ఒక్క మాటే పేరైనవాళ్లు ఉండే ఊళ్లు మనవి. ఏ సూత్రమూ అందరికీ సరిపోదు. పూర్తి పేరును ఉన్నదున్నట్టు ఒకే కీ కింద ఉంచండి. 'మిమ్మల్ని ఏమని పిలవాలి?' అని వేరే గడిలో అడగండి. ఇంటిపేరు తప్పనిసరిగా కావాల్సివస్తే దానికీ ఒక గడి ఇవ్వండి, ఖాళీగా వదిలినా ఒప్పుకునేలా.