కాపలా కన్ను ఇంటివారి చేతిలోనే ఉండాలి

కోనసీమ గ్రామాలలో పెంకుటిల్లయినా, డాబా అయినా గుమ్మం పైన కెమెరా కనబడడం నేడు వింత కాదు. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్ దేశాలలోనో, అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వృద్ధులైన తల్లిదండ్రులు ఊళ్లో ఒంటరిగా ఉంటున్నారు. పెరట్లోని కొబ్బరికాయల రాశికి, పాకలోని పశువులకు, ఇంట్లోని నగా నట్రాకు కాపలా కావాలి. ఇక్కడ అర్ధరాత్రి అయ్యే వేళకు అమెరికాలో పగలు. ఇక్కడ పెద్దలు నిద్రపోతుండగా అక్కడ కొడుకో, కూతురో కంప్యూటరు ముందు కూర్చుని సొంత ఇంటి వాకిలి చూసుకుంటున్నారు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

అయితే ఆ వాకిలిని ఇంకెవరు చూస్తున్నారన్నది చాలా ఇళ్లలో ఎవరూ ఆలోచించని విషయం. కెమెరాల తీగలన్నీ ఇంట్లోని రికార్డరు పెట్టెకు చేరుతాయి. ఆ పెట్టెకు ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. అదే దాని తాళంచెవి. బిగించడానికి వచ్చిన మెకానిక్ తనకు తోచిన నాలుగు అంకెలు పెట్టి, ఫోనులో బొమ్మ వచ్చిందని చూపించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఊళ్లో పది ఇళ్లకు అతడే బిగిస్తే, పది ఇళ్లకూ అదే తాళంచెవి కావచ్చు. ఇనప్పెట్టె తాళంచెవి పరాయివాడి జేబులో ఉంచడానికి ఒప్పుకోని గృహస్థు, ఆడవాళ్లు మసలే వాకిలి తాళంచెవిని మాత్రం అడగకుండానే అప్పగిస్తున్నాడు.

దీని పర్యవసానం ఎంత దూరం పోగలదో 2016 అక్టోబరు 21న అమెరికాలో తెలిసింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రికార్డర్లను దుండగులు వేల సంఖ్యలో లోబరుచుకున్నారు. ఇంటర్నెట్‌లో చిరునామాలు చూపించే ఒక సంస్థ మీదికి వాటిని ఒక్కసారిగా ఉసిగొల్పారు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పెద్ద పెద్ద సర్వీసులే గంటల తరబడి చాలామందికి అందకుండా పోయాయి. ఆ కెమెరాల యజమానులకు ఆ సంగతే తెలియదు. భారత ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్ నుంచి అమ్మే కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. కాని అంతకు ముందే గోడలకు ఎక్కినవాటిని ఎవరూ దింపి పరీక్షించరు. వాటి పూచీ ఇంటివారిదే.

ఇందుకు పరిష్కారం కెమెరాలు పీకివేయడం కాదు. బొమ్మను ముందుగా ఇంట్లోనే చూసుకునే ఏర్పాటు చేసుకోవాలి. ఫోనులో చూసేటప్పుడు సాధారణంగా కంపెనీవారి సర్వరు మధ్యవర్తిగా ఉంటుంది. ఇంట్లో కంప్యూటరు ఉంటే ఆ మధ్యవర్తి అక్కరలేదు. రికార్డరును, కంప్యూటరును ఒకే రూటరుకు కలిపి, రికార్డరు అంకెల చిరునామాను బ్రౌజరులో కొడితే బొమ్మ వస్తుంది. ఇంటర్నెట్ పోయినా ఇది ఆగదు. పాతరకం రికార్డర్లు కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు లేనిదే బొమ్మ చూపవు. దానిని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమించుకుంది. అంతమాత్రాన ఫోను తప్ప గత్యంతరం లేదనడం సరికాదు. కంపెనీవారు కంప్యూటరు కోసం ఇచ్చే సాఫ్ట్‌వేర్ వేయించుకోవచ్చు. కంప్యూటరే లేని ఇంట్లో రికార్డరు నుంచి టీవీకి ఒక కేబులు కలిపినా సరిపోతుంది.

పెద్ద తెర వల్ల వృద్ధులకు చూపు ఆనుతుంది. దొంగతనం జరిగితే ఏ రోజు, ఏ గంటకు ఏమి జరిగిందో వెతకడం సులువు. ఆ భాగాన్ని పెన్‌డ్రైవులోకి తీసి ఉంచుకోవచ్చు. ఇందులో ఆలస్యం పనికిరాదు. డిస్కు నిండగానే కొత్త దృశ్యాలు పాతవాటిని చెరిపేస్తాయి. నాలుగు కెమెరాలకు 1 టెరాబైట్ డిస్కు సుమారు ఒకటి రెండు వారాలకు మించి రాకపోవచ్చు.

పరదేశంలోని బిడ్డ చూడవలసి వస్తే అసలు తాళంచెవి ఇవ్వనక్కరలేదు. చూడడానికి మాత్రమే వీలయ్యే మరో పేరు, మరో పాస్‌వర్డ్ రికార్డరులోనే పెట్టవచ్చు. మెకానిక్ గడప దాటక ముందే అతడు పెట్టిన పాస్‌వర్డును ఇంటివారు మార్చుకోవాలి.

కెమెరా ఎటు చూస్తున్నదన్నది కూడా తేలిక విషయం కాదు. పల్లెలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లుంటాయి. ఒకరి గుమ్మం మీది కెమెరా పక్కింటి పెరటి వైపు, స్నానాల దొడ్డి వైపు తిరిగి ఉంటే అది కాపలా అనిపించుకోదు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద జైలుశిక్షకు అర్హమైన నేరం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. పక్కింటివారితో గొడవ పడి కోర్టుకు ఎక్కేకంటే, బిగించేనాడే వారిని పిలిచి తెర మీద ఏమి కనబడుతున్నదో చూపించడం మర్యాద. ఇంటి లోపలి గదులలో కెమెరా పెట్టదలిస్తే ఆ గదులలో మసలే కోడళ్లను, ఆడపిల్లలను, పనివారిని ముందుగా అడగాలి. వారు వద్దంటే మానుకోవాలి.

ఊరి మొగలలో కెమెరాలు పెట్టించమని గ్రామస్థులను ప్రోత్సహించే పోలీసు అధికారులు, అందుకు చందాలు పోగుచేసే పెద్దలు ఇంకొక పని కూడా చేపట్టవలసి ఉంది. పంచాయతీ కార్యాలయం వద్ద ఒక పూట కంప్యూటరు తెలిసిన యువకులను కూర్చోబెట్టి, పాస్‌వర్డ్ మార్చుకోవడం, బొమ్మ ఇంట్లోనే చూసుకోవడం, అవసరమైన భాగాన్ని దాచుకోవడం గ్రామస్థులకు నేర్పించాలి. దానికి పెద్ద ఖర్చు లేదు. కెమెరాకు వేలు పోసిన ఊరు ఆ ఒక్క పూట కేటాయించలేకపోదు.