పసివాళ్ల బట్టల్లో కలరా ఉండలు వద్దు

పల్లెల్లో పురుడు రాబోయే ఇంట బిడ్డ పుట్టకముందే ఒక పని జరుగుతుంది. అమ్మమ్మో నాయనమ్మో ట్రంకుపెట్టె తెరిచి, అడుగున దాచిన మెత్తటి పాత చీరలు, పంచెలు తీసి గుడ్డలుగా చింపుతుంది. పురుడు వెళ్లేదాకా బిడ్డకు కొత్తబట్ట వేయకపోవడం చాలా ఇళ్లలో ఆచారం. పాత నూలుబట్ట పసి ఒంటికి మెత్తగా వుంటుంది కనుక ఆ ఆచారంలో మంచే వుంది. అయితే ఆ పెట్టెలో బట్టలతోపాటు ఏళ్ల తరబడి కలరా ఉండలు కూడా వుంటాయి. చిక్కంతా అక్కడే వుంది.

పేరు ఏ విధంగా వచ్చినా, కలరాకూ ఈ ఉండలకూ సంబంధం లేదు. కలరా చెడిన నీటివల్ల వచ్చే జబ్బు. ఉండ జేబులో వేసుకున్నా, గుమ్మానికి కట్టినా అది ఆగదు. ఈ తెల్లని పదార్థం అసలు పేరు నాఫ్తలీన్. 10 కర్బన పరమాణువులు, 8 హైడ్రోజన్ పరమాణువులు కలిసి, రెండు బెంజీన్ వలయాలు పక్కపక్కనే అతుక్కున్నట్లు వుండే నిర్మాణం దీనిది. ఇటువంటి పదార్థాలను రసాయన శాస్త్రంలో ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అంటారు. 1821లో ఇంగ్లండుకు చెందిన జాన్ కిడ్ దీనికి ఈ పేరు పెట్టగా, 1826లో మైకేల్ ఫారడే దీని సంఘటనాన్ని తేల్చాడు.

దీని పుట్టుక బొగ్గులో వుంది. ఉక్కు తయారీకి కావలసిన కోక్ కోసం రాతిబొగ్గును గాలి తగలని పొయ్యిల్లో 1,000 డిగ్రీలకు పైగా కాలుస్తారు. అప్పుడు వచ్చే పొగను చల్లారిస్తే నల్లని తారు దిగుతుంది. టన్ను బొగ్గుకు సుమారు 30, 40 కిలోల తారు వస్తే, అందులో పదోవంతు దాకా నాఫ్తలీన్ వుంటుంది. తారును బట్టీపట్టి, నాఫ్తలీన్ వుండే నూనెను వేరుచేసి చల్లబరిస్తే అది పలుకులుగా గడ్డకడుతుంది. ఉత్తరాంధ్ర ప్రజలకు ఇది దూరపు సంగతి కాదు. విశాఖ ఉక్కు కర్మాగారం ఉప ఉత్పత్తుల్లో నాఫ్తలీన్ కూడా ఒకటి.

పరిశ్రమల్లో ఇది చేసే మేలును కాదనడానికి లేదు. రంగులు, ప్లాస్టిక్కులకు కావలసిన ముడిసరుకు దీనినుంచి తయారవుతుంది. వంతెనల కాంక్రీటులో నీరు తగ్గించి గట్టిదనం పెంచే మందు కూడా దీనితో చేసేదే. మామిడి పిందె, మిరప పూత రాలకుండా రైతులు నాలుగున్నర లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి చల్లే ప్లానోఫిక్స్ కూడా నాఫ్తలీన్ సంతతే.

దీనివల్ల తెలుగు రైతుకు జరిగిన నష్టమూ వుంది. ఒకప్పుడు కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాల్లో నీలిమందు పంట విస్తారంగా పండేది. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ నాఫ్తలీన్ మొదలుకొని కృత్రిమ నీలిమందును తయారుచేసి అమ్మకానికి పెట్టింది. తర్వాత కొద్ది ఏళ్లలోనే నీలిమందు సాగు మూలపడింది. 1984 డిసెంబరులో విషవాయువు వెలువడిన భోపాల్ కర్మాగారంలో తయారైన సెవిన్ పురుగుమందు కూడా నాఫ్తలీన్ నుంచి వచ్చే నాఫ్తాల్‌తో చేసినదే. ఆ మందు, అనగా కార్బరిల్, 2018లో మన దేశంలో నిషేధానికి గురైంది.

ఇక ఇంటి సంగతి. పెట్టెలో వేసిన ఉండ కర్పూరం మాదిరిగా కరగకుండానే ఆవిరవుతుంది. గోళీకాయంత ఉండ కొన్నాళ్లకు శనగగింజంత అవుతుంది. తరిగినదంతా మాయమై పోలేదు. కొంత గాలిలో కలిస్తే, కొంత బట్టల పోగుల్లో చేరి వుంటుంది. పెట్టె తెరవగానే ముక్కుకు తగిలే ఘాటు అదే. ఆ బట్టలో చుట్టిన బిడ్డ రాత్రింబగళ్లు దానినే పీలుస్తుంది. పైగా ఒంటికి నూనె రాసి నలుగు పెట్టడం మన ఇళ్లలో రివాజు. నూనె రాసిన చర్మం నాఫ్తలీన్‌ను మరింత తేలికగా లోపలికి తీసుకుంటుంది.

పెద్దవాళ్లు సాధారణంగా దీన్ని తట్టుకుంటారు. కాని కొందరి రక్తంలో పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా వుంటుంది. ఎర్రకణాలు చిట్లకుండా కాపాడే పదార్థమది. అది లోపించిన ఒంట్లోకి నాఫ్తలీన్ ప్రవేశిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. ఒకటి రెండు రోజుల్లో మనిషి పాలిపోవడం, కళ్లు పచ్చబడడం, మూత్రం డికాషన్ రంగులోకి మారడం జరుగుతుంది. నెలలోపు బిడ్డలో పచ్చకామెర్లు ముదిరితే మెదడు దెబ్బతినే ప్రమాదం వుంది. ఈ లోపం తల్లి ద్వారా సంక్రమిస్తుంది, మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. తరతరాలుగా మలేరియా వున్న ప్రాంతాల ప్రజల్లో ఇది హెచ్చుగా కనబడుతుంది. ఏజెన్సీ గ్రామాలు మలేరియాకు పేరుపడినవే కనుక అక్కడ ఈ సంగతిని తేలికగా తీసుకోరాదు.

“తాతలనాటి నుంచి వాడుతున్నాం, ఎవరికేమైంది?” అని పెద్దలు అడగవచ్చు. లోపం లేని నలుగురు బిడ్డలకు ఏమీ కాకపోవచ్చు. ఐదోవాడికి ఆ లోపం వున్నదో లేదో రక్తపరీక్ష చేయిస్తే తప్ప ఎవరికీ తెలియదు. పుట్టిన బిడ్డకు కామెర్లు రావడం మామూలే అనుకొని ఎండలో పడుకోబెట్టి వూరుకున్న ఇంట్లో, అసలు కారణం పెట్టెలోని ఉండ అని ఎవరికి తోస్తుంది?

ఇంతా చేసి ఈ ఉండలవల్ల నూలుబట్టలకు ఒరిగేది స్వల్పం. బట్టలు తినే చిమటపురుగు ఉన్నినీ, పట్టునూ ఆశిస్తుంది గాని నూలును అంతగా ముట్టదు. నూలుబట్టను కొరికే వెండిరంగు పురుగులు గంజికోసం వస్తాయి. గంజి లేకుండా ఉతికి, బాగా ఎండబెట్టి, ఎండిన వేపాకుతో దాచుకుంటే చాలావరకు సరిపోతుంది. పెరట్లో ఉండలు చల్లితే పాములు రావన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు. పాము వాటిని దాటి పోతుంది, పాకే బిడ్డ మాత్రం ఏరి నోట్లో వేసుకుంటుంది.

మింగిన సందర్భంలో చేయకూడని పనులు తెలిసి వుండడం అవసరం. విషానికి పాలు విరుగుడు అని పట్టించడం వాడుక. నాఫ్తలీన్ నూనెల్లోను, కొవ్వుల్లోను కరిగే పదార్థం కనుక పాలు, నెయ్యి, నూనె ఇస్తే మరింత త్వరగా రక్తంలో చేరుతుంది. ఉప్పునీళ్లు పట్టి కక్కించడమూ తగదు. ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి. మిగిలిన ఉండనో, పొట్లాన్నో వెంట తీసుకువెళ్లి డాక్టరుకు చూపించాలి. ఆ రోజు బిడ్డ హుషారుగా వున్నా, మూడు నాలుగు రోజులపాటు మూత్రం రంగు గమనిస్తూ వుండాలి.

2008లోనే ఐరోపా దేశాల కూటమి బట్టల్లో వేసే నాఫ్తలీన్ ఉండలను నిషేధించింది. ఇక్కడ మాత్రం సంతలో పిప్పరమెంటు బిళ్లల సీసా పక్కనే విడిగా అమ్మేవారున్నారు. రంగులో, ఆకారంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. పదార్థం పేరు, హెచ్చరిక ముద్రించిన పొట్లాల్లో తప్ప విడిగా అమ్మకుండా అధికారులు చూడవలసి వుంది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు గర్భిణులకు ఇనుము మాత్రలు ఇచ్చేటప్పుడే ఈ మాట కూడా చెప్పాలి. చదువురాని అవ్వలకు అర్థమయ్యేలా చెప్పడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పచ్చకామెర్లతో వచ్చిన పసిబిడ్డలకు జీ6పీడీ పరీక్ష జిల్లా ఆస్పత్రిలోనే కాక దగ్గరి ఆస్పత్రుల్లో కూడా జరిగే ఏర్పాటు చేయాలి.

అంతవరకు ఇంటి పెద్దలు చేయగలిగినది ఒకటుంది. పురిటి బట్టలను ఉండలు లేని వేరే మూటలో వుంచాలి. ఇప్పటికే వాసన పట్టిన బట్టలైతే నీటితో ఒక్కసారి జాడిస్తే చాలదు, ఎందుకంటే నాఫ్తలీన్ నీటిలో దాదాపు కరగదు. నాలుగైదు రోజులు ఎండలో, గాలిలో ఆరవేసి, తర్వాత ఉతికి, మళ్లీ ఎండబెట్టాలి. వాసన ఏమాత్రం మిగిలినా ఆ బట్ట బిడ్డకు వాడరాదు. చీర పురుగు కొరికితే ఇంకో చీర కొనుక్కోవచ్చు. బిడ్డ సంగతి అలా కాదు.