చివరి మూరెడు

పడమటి కర్నూలు పల్లెల్లో చాలా ఇళ్ల ముందు కొళాయి దగ్గర ఒక గుంత కనిపిస్తుంది. నీళ్లు పైకి ఎక్కవు కాబట్టి జనమే కిందికి దిగారు. గొట్టం నేలలోంచి లేచే చోట మూరెడు లోతు తవ్వి, పైకి ఉన్న ముక్కను కోసేసి, ఆ మూతికి బిందె ఆనిస్తారు. పక్కనే మురుగుకాలువ. గుంతలో ఎప్పుడూ జానెడు నీళ్లు నిలిచే ఉంటాయి: గిన్నెలు కడిగినవి, బిందె పొర్లి పడినవి, నిన్నటి వాన తాలూకువి. నీళ్లు వచ్చే గంటసేపూ గొట్టంలోని ఒత్తిడే మురికిని దగ్గరికి రానివ్వదు. వాల్వు కట్టేశాకే అసలు ముప్పు. లోపల ఖాళీ అవుతున్న గొట్టం బయటినుంచి గాలిని పీల్చుకుంటుంది. మూతి మునిగి ఉంటే గుంతలోని నీళ్లనే పీల్చుకుంటుంది. ఎవరో తమ కొళాయికి మోటారు బిగిస్తే పక్కింటి గొట్టంలో ఈ పీల్పు నీళ్లొచ్చే వేళ కూడా జరుగుతుంది. మళ్లీ వంతు వచ్చినప్పుడు మొదటి బిందెలో పడేది ఆ నీళ్లే.

ఆ మొదటి బిందెను పారబోయమని చెప్పడం మనకు తేలిక. రోజు విడిచి రోజో, అంతకన్నా ఆలస్యంగానో వంతు వచ్చే వీధిలో ఆ మాట అనడానికి నోరు రాదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం తాగేది ఎక్కువగా తుంగభద్ర నీళ్లే. హొసపేట దగ్గర డ్యాము నుంచి బయలుదేరే దిగువ కాలువ, జనం నోట ఎల్లెల్సీ, దాదాపు 250 కిలోమీటర్లు కర్ణాటకలోనే నడిచి మన సరిహద్దు దాటుతుంది. పైన మూత లేని కాలువ. దారి పొడవునా గొడ్లు దిగుతాయి, బట్టలు ఉతుకుతారు. ఆ నీళ్లను ఆదోని కోసం బసలదొడ్డిలో, ఎమ్మిగనూరు కోసం గుడేకల్లులో వేసవి నిల్వ చెరువులకు పట్టి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి పంపుతారు. ఇంత దూరం వచ్చి, ఇంత శుద్ధి జరిగి, ఇంటి ముందుకు వచ్చాక చివరి మూరెడులో చెడిపోతున్నాయి. పెద్ద పథకాల మీద, టీఎంసీల మీద మన పత్రికలు ఎన్ని పేజీలైనా రాస్తాయి. ఈ మూరెడు సంగతి ఎవరికీ వార్త కాదు.

ఇక్కడికి ఆగ్నేయంగా ఉన్న పత్తికొండకు ఈ కథలో పాత భాగం ఉంది. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827లో వీడ్కోలు పర్యటనకని ఈ సీమకు వచ్చాడు. జూలై 6న పత్తికొండలో కలరా సోకింది. పొద్దున పట్టిన జబ్బు రాత్రికి ప్రాణం తీసింది. గవర్నరుకు వైద్యులున్నారు, గుడారాలున్నాయి, పరివారం ఉంది. కలరా నీళ్లలో వస్తుందని తెలిసినవాళ్లు మాత్రం లోకంలో ఎక్కడా లేరు. మరో 27 ఏళ్లకు, 1854లో, జాన్ స్నో అనే వైద్యుడు లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ చావులను లెక్కగట్టి నీటి వైపు వేలు చూపించాడు. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ ఆ సూక్ష్మజీవిని పట్టి చూపించాడు. మన్రో పేరిట పత్తికొండలో సర్కారు చెట్లు నాటించి, రాతి మెట్లతో బావి కట్టించింది. కలరాతో పోయిన మనిషికి మెట్లబావి కట్టడంలోని విపరీతం అప్పటివాళ్లకు తట్టే అవకాశమే లేదు. కాళ్లు కడుక్కుంటూ దిగి కడవ ముంచుకునే బావికన్నా కలరాకు అనువైన చోటు లేదు.

మనకు ఆ అజ్ఞానపు సాకు లేదు. అయినా 2021 ఏప్రిల్ మొదట్లో ఆదోని అరుణజ్యోతి నగర్‌లోనూ, అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పాణ్యం మండలం గోరుకల్లులోనూ ఒకేసారి అతిసారం ప్రబలింది. ప్రాణాలు పోయాయి. గోరుకల్లు అంటే పక్కనే పెద్ద జలాశయం ఉన్న ఊరు. 2018లో గుంటూరు ఆనందపేట, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల. ఊళ్లు మారతాయి. జబ్బు వచ్చాక జరిగే తంతు మాత్రం మారదు: వైద్య శిబిరం, ట్యాంకర్లు, వీధుల వెంట ముగ్గు వేసినట్టు బ్లీచింగ్ పౌడర్, మంత్రి పరామర్శ. మురుగుకాలువ గట్టు మీద చల్లిన ఆ పౌడరు తాగేనీటికి చేసే మేలు దాదాపు ఏమీ లేదు. అది పడవలసింది ట్యాంకులో. అదీ లెక్క ప్రకారం, నీళ్లు వదలడానికి అరగంట ముందు.

బ్లీచింగ్ పౌడరుకు ఆయుష్షు తక్కువ. తాజా బస్తాలో మూడోవంతు దాకా ఉండే క్లోరిన్, మూతి విప్పి వదిలేస్తే మన ఎండలకు వారాల్లో ఎగిరిపోతుంది. మిగిలేది సున్నంలాంటి పొడి. వాటర్‌మన్ దాన్నే నిజాయితీగా బకెట్లో కలిపి ట్యాంకులో పోసి దిగివస్తాడు. కొళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం. ఉందో లేదో చూడటానికి గాజుగొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే చాలు, పసుపు రంగు తేలుతుంది. రంగు రాకపోతే ఏమీ లేదన్నమాట. నిమిషం పని. ఆదోని యార్డులో క్వింటా పత్తి ఎంత పలికిందో పొద్దుగూకేలోగా పల్లెపల్లెకూ తెలిసిపోతుంది. ఈ పొద్దు తాగిన నీళ్లలో క్లోరిన్ ఎంతో సర్పంచికి కూడా తెలియదు.

క్లోరిన్ వాసన మనకు గిట్టదన్నదీ నిజమే. మందువాసన కొడితే నీళ్లు బాగాలేవని ఫిర్యాదు వెళ్తుంది, వాటర్‌మన్ మర్నాడు పొడి తగ్గిస్తాడు. అందుకే 20 లీటర్ల క్యాను ఇంటింటికీ వచ్చింది. ఉప్పుబోర్లు, ఫ్లోరైడు బోర్లు ఉన్న నేల ఇది. క్యాను కొనేవాళ్లను తప్పుపట్టలేం. కానీ క్యాను నీళ్లను శుద్ధి చేసే యంత్రం ఉప్పును తీసేటప్పుడు క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది. తర్వాత క్యానులోకి, కుండలోకి, వేళ్లు ముంచి తీసే గ్లాసులోకి సూక్ష్మజీవి వస్తే అడ్డుకునేది లేదు. రుచిగా ఉన్న నీళ్లన్నీ మంచివేనన్న నమ్మకం, చదువుకున్న ఇళ్లలోనే మరీ గట్టిగా ఉంది.

ఇక వాంతులు, విరేచనాలు పట్టుకున్నాక జరిగేది చూడండి. సెలైన్ ఎక్కించనిదే వైద్యం చేసినట్టు కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతిలో పెడితే చిన్నచూపు చూశారని అలుగుతారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బోన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, తల్లులు, అన్నదమ్ముల చేత రోగులకు తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు పడ్డాయి. ఆ ప్యాకెట్ చరిత్ర అంతటిది. ఒక్క జాగ్రత్త: పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీటికి. మన ఇళ్లలో దాన్ని గ్లాసులో చిక్కగా కలిపి పిల్లవాడి చేత గుటకలు వేయిస్తారు. అంత ఉప్పు, చక్కెర ఒక్కసారిగా పోతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

ఒక చిన్న సీసా సంగతి కూడా చెప్పుకోవాలి. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనశాల శాస్త్రవేత్తలు మంజా, మౌర్య, రావు దీన్ని ప్రకటించారు. మందు పట్టించిన కాగితం ముక్క ఉన్న సీసాలో నీళ్లు నింపి, గదిలో ఒక మూలన ఉంచితే ఒకట్రెండు రోజుల్లో తేలిపోతుంది: మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. కరెంటు అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్నారు. మంచి ఆలోచన. కానీ ఫలితం ఆన్‌లైన్‌లోకి ఎక్కుతుంది, వీధిలోకి దిగదు. సచివాలయం గోడ మీద పింఛన్ల జాబితాకు చోటున్నప్పుడు, ఈ వారం ఏ వీధి సీసా నల్లబడిందో రాయడానికి ఒక బారెడు చోటు దొరకదా? రాస్తే ఊళ్లో గొడవ అవుతుందని అధికారుల భయం. ఆ గొడవ జబ్బుకు ముందు జరిగితేనే మేలు. గుంతలు పూడ్చి, కొళాయిని నేల మీదికి లేపి, మూత బిగించడానికి అయ్యే ఖర్చు ఒక వైద్య శిబిరం ఖర్చుతో పోలిస్తే ఎంత!

గోడమీది రాత అందనివాళ్లూ ఉన్నారు. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పల్లెల్లో సగం ఊరు సుగ్గికని, అంటే కూలి వలసకని, గుంటూరు మిరప చేలకు కదిలిపోతుంది. అక్కడ గట్టు మీద గుడారం, పక్కన పంటకాలువ, అందులోవే తాగే నీళ్లు. ఏ ఊరి లెక్కలోనూ వాళ్లుండరు. మూటలో జొన్నపిండి, కారం సర్దుకునే ఇల్లాలికి ఆశా కార్యకర్త పది ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక పట్టీ క్లోరిన్ మాత్రలు, మూతతో సహా ఒక డబ్బా ఇచ్చి పంపడానికి కొత్త పథకం అక్కర్లేదు. వాళ్లను తీసుకెళ్లే లారీ ఏ రోజు వస్తుందో ఊరందరికీ వారం ముందే తెలుసు.