వంటింటి గీత దాటితే పాయింటు గోవిందా!

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఏ డాలస్ శివారుకో, న్యూజెర్సీ పట్టణానికో వెళ్లినప్పుడు ఉదయం ఏడింటికి పార్కులోకి తొంగిచూడండి. టెన్నిస్ కోర్టులో ఇద్దరో నలుగురో ఆడుతుంటారు. పక్కనున్న చిట్టి కోర్టుల దగ్గర మాత్రం తిరునాళ్లే! టక్... టక్... టక్... చెక్కమీద సుత్తి పడ్డట్టు ఒకటే చప్పుడు. నెట్‌కు ఇటు డెబ్భై దాటిన బామ్మగారు, అటు కాలేజీ కుర్రాడు. పెద్దావిడ కదాని అతగాడు బంతిని మెల్లగా వేశాడో... అంతే సంగతులు! ఆవిడ దాన్ని తీసుకెళ్లి సరిగ్గా అతని కాళ్ల దగ్గర పడేసి, ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది.

అదే పికిల్‌బాల్. ఆ మాట వింటే మనకు ఆవకాయ జాడీ గుర్తుకురావడం సహజమేగానీ, ఈ ఆటకూ ఊరగాయకూ ఏ సంబంధమూ లేదు. 1965 వేసవిలో సియాటిల్ దగ్గరి బైన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టిందిది. జోయెల్ ప్రిచర్డ్ అనే రాజకీయ నాయకుడు, ఆయన మిత్రుడు బిల్ బెల్ గోల్ఫ్ ఆడి ఇంటికొచ్చేసరికి పిల్లలు ‘ఏం తోచట్లేదు’ అని గొడవ. పెరట్లో పాత బ్యాడ్మింటన్ కోర్టుంది, ఆడే సరంజామా లేదు. ఇంకేం... చేతికి దొరికిన టేబుల్ టెన్నిస్ బ్యాట్లూ, చిల్లులున్న ప్లాస్టిక్ బంతీ ఇచ్చి ఆడుకోమన్నారు. తర్వాత బార్నీ మెకల్లమ్ అనే మిత్రుడూ కలిసి నియమాలు రాశాడు. పడవ పందేల్లో వేర్వేరు జట్ల నుంచి మిగిలిపోయినవాళ్లను పోగేసి నడిపే పడవను ‘పికిల్ బోట్’ అంటారు. అన్ని ఆటల నుంచీ తలా కాస్త పోగేసిన ఆట కాబట్టి ప్రిచర్డ్ భార్య జోన్ ఆ పేరు పెట్టింది. ఇంట్లో పికిల్స్ అనే కుక్క ఉండేదనీ, దాని పేరే ఆటకు పెట్టారనీ చెప్పే కథ చాలామందికి ఇష్టం. కానీ కుక్క ఆ ఇంటికొచ్చింది ఆట పుట్టాకేనని తేలింది. కుక్కకే ఆట పేరు పెట్టారన్నమాట!

చాలాకాలం అది విశ్రాంత ఉద్యోగుల కాలక్షేపంగానే ఉండిపోయింది. కరోనా రోజుల్లో ఆరుబయట, దూరం దూరంగా నిలబడి ఆడుకునే ఆట కావాల్సివచ్చింది. దాంతో దశ తిరిగింది. అమెరికా క్రీడా పరిశ్రమల సంఘం లెక్కల్లో 2020లో 42 లక్షల మంది ఆడితే, 2024 నాటికి ఆ సంఖ్య కోటీ 98 లక్షలకు చేరింది.

ఆట నేర్చుకోవడానికి పదిహేను నిమిషాలు చాలు. కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు... అచ్చం మన షటిల్ డబుల్స్ కోర్టంత. నెట్ మధ్యలో 34 అంగుళాలు, అంటే నడుమెత్తు కూడా ఉండదు. సర్వీసు చెయ్యి కిందినుంచే వేయాలి కాబట్టి భుజబలంతో పనిలేదు. 11 పాయింట్లు, రెండు పాయింట్ల తేడా ఉంటే గెలుపు. ఇంతవరకూ సులువే. చిక్కంతా వంటింటి దగ్గర!

నెట్‌కు అటూ ఇటూ ఏడేసి అడుగుల జాగా ఉంటుంది. దాన్ని అందరూ ‘కిచెన్’ అంటారు. బంతి నేలమీద పడ్డాక కిచెన్‌లోకెళ్లి కొట్టొచ్చు. అక్కడ నిలబడి గాల్లో బంతిని బాదారో పాయింటో, సర్వీసో పోయినట్టే. బయట నిలబడి బాదినా, ఆ ఊపులో కాలు గీతమీద పడితే అదీ తప్పే. నెట్‌కు అతుక్కుని నిలబడి ధన్‌ధన్‌మని బాదేవాడికి ఈ నియమం ముక్కుతాడు. అందుకే రెండు జట్లూ ఆ గీత దగ్గరికొచ్చి, బంతిని నెట్ మీదుగా వెన్న రాసినట్టు అటూ ఇటూ తోస్తుంటాయి. దాన్ని ‘డింక్’ అంటారు. ఎదుటివాడు తొందరపడి కాస్త ఎత్తుగా వేసేదాకా ఓపిక పట్టాలి. నిజం చెప్పాలంటే కొత్తగా చూసేవాళ్లకు అదో ఆటలాగే అనిపించదు. ఆడేవాళ్లకు మాత్రం నరాలు తెగే ఉత్కంఠ! ఇరవై ఏళ్ల వేగాన్ని డెబ్భై ఏళ్ల నిదానం ఓడించగలిగేది అక్కడే మరి.

మన తెలుగు నాన్నలు ఇక్కడే బోల్తాపడతారు. కాలేజీ రోజుల్లో షటిలో, బాల్ బ్యాడ్మింటనో ఇరగదీసిన చేతులు కదా, మణికట్టు తిప్పి స్మాష్ కొట్టందే మనసొప్పదు. బంతి వెళ్లి కంచెకు తగులుతుంది. ‘సాఫ్ట్... సాఫ్ట్...’ అంటూ పక్కనున్న అమెరికన్ పెద్దాయన అరచేతిని కిందికి ఊపుతుంటాడు. వారం రోజులు మొట్టికాయలు తిన్నాక కానీ ఆ విద్య పట్టుబడదు.

ఆట కంటే అసలు గొప్పతనం బయట కంచెకు తగిలించిన అరలో ఉంది. ప్యాడిల్ అంటే ఆడే బ్యాట్. పార్కుకు వచ్చినవాళ్లు తమ ప్యాడిల్‌ను ఆ అరలో వరసలో పెడతారు. కోర్టు ఖాళీ అవగానే వరసలో ముందున్న నాలుగు ప్యాడిళ్ల తాలూకు మనుషులు లోపలికెళ్తారు. ఎవరితో ఎవరు ఆడాలో ప్యాడిల్ వరసే తేల్చేస్తుంది. డాక్టరూ, ట్రక్కు డ్రైవరూ, విశాఖపట్నం నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరర్ గారూ, మెక్సికో నుంచి వచ్చిన వంటమనిషీ ఒకే కోర్టులో. ఆట పావుగంటలో ముగుస్తుంది. నలుగురూ నెట్ దగ్గరికొచ్చి ప్యాడిళ్లను టక్కున తాకించుకుని బయటికొస్తారు. మళ్లీ అరలో పెట్టడం, మళ్లీ కొత్త ముగ్గురితో ఆట. రెండు గంటల్లో పాతికమందితో మాట కలుస్తుంది. ఎవరినీ పిలవక్కర్లేదు, ఎవరింటికీ వెళ్లక్కర్లేదు.

కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో ఆర్నెల్ల వీసాపై వెళ్లే అమ్మానాన్నలకు ఇదెంత ఊరటో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఎనిమిదింటికి పిల్లలు ఆఫీసుకు, మనవలు బడికి. ఇక సాయంత్రం దాకా నాలుగు గోడలూ టీవీయే. కారు నడపడం రాదు, వీధిలో పలకరించే నాథుడుండడు. అలాంటాయన నెల తిరిగేసరికి ‘నేను పార్కుకెళ్లొస్తా’ అంటూ షూ లేసులు కట్టుకుంటుంటే ఇంటిల్లిపాదీ నోరు వెళ్లబెడతారు. ఇంగ్లిషు అంతంత మాత్రమైనా ఫర్వాలేదు. స్కోరు చెప్పడానికి మూడంకెలు వస్తే చాలు... మన పాయింట్లు, వాళ్ల పాయింట్లు, సర్వీసు చేసేది జట్టులో ఒకటోవాడా రెండోవాడా! ఆట మొదట్లో ‘జీరో, జీరో, టూ’ అనాలి. రెండ్రోజులు రాకపోతే మూడోరోజు ‘ఎక్కడికెళ్లారు? ఒంట్లో బాగానే ఉందా?’ అని అడిగే మనిషి పరాయిదేశంలో దొరికాడంటే అది చిన్న సంగతా!

అయితే ఈ సరదా పిచ్చిగా మారడానికి ఎంతోకాలం పట్టదు. మొదట ఎవరో ఇచ్చిన పాత చెక్క ప్యాడిల్. తర్వాత కార్బన్ ఫైబర్‌ది. ఆనక ‘ఇది పవర్‌కి, ఇది కంట్రోల్‌కి’ అని రెండు. కారు డిక్కీలో ఆరుబయట ఆడే నలభై చిల్లుల బంతులు వేరు, ఇండోర్‌లో ఆడే ఇరవయ్యారు చిల్లులవి వేరు. 2021లో వచ్చిన డూపర్ అనే రేటింగ్ పద్ధతిలో ఆటగాడికి 2 నుంచి 8 మధ్య ఒక అంకె వస్తుంది. అది 3.4 నుంచి 3.5కు పెరిగితే ఇంట్లో పాయసం! పెళ్లిరోజున కూడా ‘ఒక్క గేమ్ ఆడి వచ్చేస్తా’ అని వెళ్లి పదకొండింటికి వచ్చే భర్తలున్నారు. ‘ఏమండీ, నడుం నొప్పని రాత్రంతా మూలిగారుగా?’ అంటే, ‘ఆడితే సర్దుకుంటుందిలేవే’ అన్నది సిద్ధంగా ఉండే జవాబు. ఆ జవాబు ఇచ్చేది భర్తలే అనుకుంటే పొరపాటు. ‘అమ్మా, మోకాలికి ఐస్ పెట్టుకున్నావా?’ అని ఫోన్లో అడిగే కూతుళ్లకు ‘ఆ, పెట్టానే’ అని కోర్టు పక్కనుంచి అబద్ధం చెప్పే అమ్మలూ బోలెడు!

పార్కు చుట్టుపక్కల ఇళ్లవాళ్ల గోడు ఇంకోటి. గట్టి ప్యాడిల్‌కు గట్టి ప్లాస్టిక్ బంతి తగిలితే వచ్చే ఆ టక్‌టక్ పొద్దున్నుంచి రాత్రిదాకా వింటే ఎవరికైనా తలనొప్పే. అమెరికాలో ఎన్నో ఊళ్లలో కేసులు నడిచాయి, ఆడే వేళలకు హద్దులు పెట్టారు. తక్కువ చప్పుడు చేసే ప్యాడిళ్లూ బంతుల కోసం అక్కడి పికిల్‌బాల్ సంస్థ 2023లో ప్రత్యేక విభాగమే తెరిచింది. ఆట ఎంత మంచిదైనా, నిద్రపోవాల్సిన పసిపిల్ల ఉన్న ఇంటి గోడ పక్కన కోర్టు కట్టడం మాత్రం అన్యాయమే.

మన దేశంలోకి ఈ ఆటను సునీల్ వలావల్కర్ కెనడా నుంచి మోసుకొచ్చారు. 2008లో అఖిల భారత సంఘం ఏర్పడింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మేడలమీదా, ఖాళీ స్థలాల్లోనూ కోర్టులు వెలిసి, గంటకింతని అద్దెకు దొరుకుతున్నాయి. కాకపోతే ఇక్కడ ఎక్కువగా నలుగురు స్నేహితులు కలిసి కోర్టు బుక్ చేసుకుని, వాళ్లలో వాళ్లే ఆడుకుని వెళ్తారు. ఆ అరా, ఆ ప్యాడిళ్ల వరసా లేకపోతే పెద్దవయసులో ఒంటరిగా వచ్చినవాళ్లకు ఆట దొరకడం కష్టం. కోర్టులు నడిపేవాళ్లు వారానికి రెండు ఉదయాలైనా అలా విడిచిపెడితే బాగుంటుంది.

ఇక అందరూ దాటవేసే సంగతికి వద్దాం. 2023లో యూబీఎస్ బ్యాంకు విశ్లేషకులు ఒక లెక్కేశారు. పికిల్‌బాల్ దెబ్బలకు ఆ ఏడాది అమెరికాలో అయ్యే వైద్య ఖర్చు 25 కోట్ల నుంచి 50 కోట్ల డాలర్లు ఉండొచ్చని! ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. కారణం బంతి తగలడం కాదు, కిందపడటం. తలమీదుగా వెళ్లే బంతి కోసం ముఖం నెట్ వైపు పెట్టి వెనక్కి వెనక్కి పరుగెడతారు. మడమ తడబడుతుంది. పడబోతూ చెయ్యి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది, లేదంటే తల నేలకు తగులుతుంది. ఆ బంతిని అందుకోవాల్సివస్తే ముందు పక్కకు తిరిగి అప్పుడు పరుగెత్తాలి. అందదనిపిస్తే ‘మీదే పాయింటు’ అని వదిలేయడం ఇంకా మంచిది. వదిలేస్తే పోయేది ఒక్క పాయింటే కదా, విరిగితే పోయేది మూడు నెలలు!

చెప్పులూ షూ సంగతీ అంతే. ఉదయపు నడకకు వేసుకునే మెత్తటి రన్నింగ్ షూ ముందుకు నడవడానికి చేసింది. పక్కకు ఉరికితే చీలమండ మెలికపడుతుంది. కోర్టు షూ వేరుగా ఉంటాయి, మొదటి కొనుగోలు అదే కావాలి, ప్యాడిల్ తర్వాత. ఆటకు ముందు పది నిమిషాలు కాళ్లూ భుజాలూ కదిలించుకోవాలి. దగ్గరనుంచి వచ్చే బంతి కంటికి తగలకుండా పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకోమని కంటి డాక్టర్లు చెబుతున్నారు. బీపీ, షుగర్, ఎముకల నీరసం ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే దిగాలి. విజిటర్ వీసాపై వెళ్లే పెద్దలకు తీసుకునే బీమాలో ఆటల్లో తగిలే దెబ్బలకు వర్తిస్తుందో లేదో పిల్లలు ముందే చదివి పెట్టుకోవాలి. అమెరికా ఆసుపత్రి బిల్లు చూశాక చదివి లాభం లేదు.

దెబ్బ కంటే దాన్ని దాచిపెట్టడం పెద్ద సమస్య. మడమ వెనక నరం లాగుతోందని చెబితే ఇంట్లో ‘ఇక చాలు, మానెయ్యండి’ అంటారు. మానేస్తే ఆ ఉదయం ఉండదు, ‘ఎక్కడికెళ్లారు’ అని అడిగేవాళ్లూ ఉండరు. అందుకే క్రేప్ బ్యాండేజీ ప్యాంటు కింద దాచుకుని వెళ్తారు. కాబట్టి ఇంట్లోవాళ్లు ‘మానెయ్యి’ అనడం తగ్గించి, ‘ఇవాళ రెండు గేములే ఆడు, మిగతాసేపు కూర్చో’ అంటే ఎక్కువ పనిచేస్తుంది. పాత ఆటగాళ్లు చాలామంది చేసేదీ అదే. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు కూడా మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని కంచె పక్కన కూర్చుంటారు. ఎవరి వంతు వచ్చిందో పిలుస్తూ, గీత తొక్కినవాళ్లని ‘కిచెన్!’ అని అరిచి పట్టిస్తూ పదింటిదాకా ఉంటారు. వాళ్ల ప్యాడిల్ కూడా అరలోనే ఉంటుంది, ఆఖరి గడిలో. డాక్టరు ఊ అన్న రోజున దాన్ని ముందుకు జరుపుకుంటారు.