ఉపవాసం, ఒంటి బరువు

శ్రమకాలపు 40 రోజుల ఉపవాసంలో పనిలో పనిగా బరువూ తగ్గితే తప్పేముందని అడగొచ్చు. తగ్గడంలో తప్పు లేదు. మనవాళ్లకు బీఎంఐ 23 దాటితే చాలు, షుగర్ ముప్పు పెరుగుతుందని వైద్యులంటారు. జడ్చర్లలో ఆస్పత్రి నడిపిన మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్‌కూ ఒంటి సంగతి విశ్వాసానికి బయటిది కాలేదు. చిక్కల్లా, దేహం దేవాలయమన్న పౌలు మాటను లావుగా ఉన్నవాళ్ల మీదికి విసరడంలోనే. కొరింథు సంఘానికి ఆయన ఆ మాట రాసింది వ్యభిచారాన్ని మందలిస్తూ, నడుము కొలత గురించి కాదు.

తిండిపోతుతనం పాపం కాదా? పాపమే. కానీ థైరాయిడ్, కొన్ని మందులు, వంశం కూడా ఒంటిని పెంచుతాయి; లావు చూసి పాపం లెక్కగట్టలేం. వలసల పాలమూరులో బక్కతనాన్ని భక్తిగా మెచ్చుకోవడం మరీ విడ్డూరం! యెషయా 58వ అధ్యాయం చెప్పే ఉపవాసంలో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం ఉంది. ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా పస్తుండొద్దు.